జ్యూరీ సమన్లు వచ్చాయి: వెళ్లక తప్పదా? మినహాయింపు ఎవరికి దొరుకుతుంది?

పద్మజ_ఫ్రిస్కో:
అందరికీ నమస్కారం. అమెరికా పౌరసత్వ ప్రమాణం చేసి ఏడాది తిరగలేదు, అప్పుడే ఇక్కడ టెక్సాస్‌లో మా కాలిన్ కౌంటీ నుంచి జ్యూరీ సమన్లు వచ్చాయి, అంటే కోర్టులో కేసు విని తీర్పు చెప్పే పౌరుల బృందంలో కూర్చోవడానికి పిలుపు. వచ్చే నెలలో ఒక సోమవారం పొద్దున్నే మెకిన్నీ కోర్టులో ఉండాలట. మా పాపకు ఎనిమిదేళ్లు. మావారు వారంలో నాలుగు రోజులు హ్యూస్టన్‌లో ఉంటారు. బడి వదిలే వేళకు పాపను తెచ్చుకోవడానికి నేను తప్ప ఎవరూ లేరు. పైగా సరిగ్గా ఆ వారమే మా ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ విడుదల. మేనేజరుకు చెబితే "ఏదో ఒక కారణం రాసి పంపించెయ్" అని తేలిగ్గా అనేశారు. ఏ కారణం రాయాలి, ఎవరికి పంపాలి?

ఇంకో సంగతి. మా తమ్ముడు ఇర్వింగ్‌లో ఉంటాడు, వాడిది గ్రీన్ కార్డు. వాడికీ డాలస్ కౌంటీ నుంచి ఇలాంటి కవరే వచ్చింది. వెళ్తే మంచి పేరు వస్తుందని, రేపు పౌరసత్వానికి పనికొస్తుందని వాడి ఉద్దేశం. నాకేమో భయంగా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

కిరణ్_ఐటీ:
అక్కా, దీనికి ఇంత ఆలోచన ఎందుకు? ఆ కవరు మామూలు తపాలాలో వచ్చింది కదా. మీకు అందిందని వాళ్ల దగ్గర రుజువేమీ ఉండదు. నాకు వచ్చినవన్నీ నేరుగా చెత్తబుట్టలోకే పోయాయి. ఇంతవరకు నా ఇంటి తలుపు ఎవరూ తట్టలేదు.

దుబాసి_రమాదేవి:
కిరణ్ గారూ, మీ అదృష్టం మీది. దాన్ని సలహాగా పంచకండి. టెక్సాస్ చట్టం ప్రకారం సమన్లను పట్టించుకోనివారికి, మినహాయింపు కోసం తెలిసి తెలిసి అబద్ధం రాసినవారికి కోర్టు ధిక్కారం కింద 100 నుంచి 1,000 డాలర్ల దాకా జరిమానా పడవచ్చు. అందరికీ వేస్తారా అంటే, వేయరు. కానీ ఏ న్యాయమూర్తికి ఏ రోజు విసుగొస్తుందో ఎవరికీ తెలియదు.

పద్మజ గారూ, నేను కోర్టుల్లో తెలుగు, హిందీ దుబాసిగా పనిచేస్తాను. న్యాయవాదిని కాను. రోజూ కళ్లముందు జరిగేదాన్ని బట్టి చెబుతున్నాను.

ముందు మీ తమ్ముడి విషయం తేల్చాలి. మీది ఇబ్బంది మాత్రమే, అతనిది ప్రమాదం. జ్యూరీ పేర్లను ఓటర్ల జాబితా నుంచే కాక డ్రైవింగ్ లైసెన్సులు, గుర్తింపు కార్డుల జాబితా నుంచి కూడా తీస్తారు. అందుకే పౌరులు కానివారి ఇళ్లకూ కవర్లు వెళ్తుంటాయి. కవరు వచ్చినంత మాత్రాన అర్హత వచ్చినట్టు కాదు. ఫారంలో అనర్హతల దగ్గర "నేను అమెరికా పౌరుణ్ణి కాను" అనే గడి ఉంటుంది. అక్కడ టిక్కు పెట్టి, సంతకం చేసి, గడువులోగా పంపేయమనండి. దాని నకలు ఒకటి దాచుకోమనండి.

మంచి పేరు కోసమని వెళ్లి, అర్హుణ్ణేనని సంతకం పెట్టాడనుకోండి, అది పౌరుణ్ణని అబద్ధం చెప్పినట్టు అవుతుంది. వలస చట్టం ఈ తప్పును చాలా కఠినంగా చూస్తుంది, సాధారణంగా దీనికి క్షమాపణ దారి కూడా ఉండదు. పౌరసత్వం కోసం నింపే ఎన్-400 దరఖాస్తులో "ఎప్పుడైనా అమెరికా పౌరుణ్ణని చెప్పుకున్నారా" అనే ప్రశ్న ఉంది. మంచి పేరు మాట దేవుడెరుగు, ఉన్న గ్రీన్ కార్డుకే ఎసరు.

పద్మజ_ఫ్రిస్కో:
అమ్మో! ఇప్పుడే వాడికి ఫోను చేశాను. ఫారం ఇంకా పంపలేదట. మీరు చెప్పినట్టే చేస్తానన్నాడు. మరి నా సంగతి?

దుబాసి_రమాదేవి:
సమన్ల వెనకవైపు చూడండి. అక్కడ రెండు పట్టికలు ఉంటాయి. ఒకటి అర్హతలు, రెండోది మినహాయింపులు. ఈ రెండింటినీ కలిపేసుకోవడం వల్లే సగం గందరగోళం. అర్హత లేకపోతే మీకు ఇష్టమున్నా కూర్చోనివ్వరు. మినహాయింపు ఉంటే వెళ్లాలో మానాలో మీ ఇష్టం.

టెక్సాస్‌లో అర్హత అంటే 18 ఏళ్లు నిండాలి, అమెరికా పౌరులై ఉండాలి, ఆ కౌంటీలో నివాసం ఉండాలి, అక్కడ ఓటు వేయడానికి అర్హులై ఉండాలి. ఓటరుగా నమోదు చేసుకోకపోయినా ఫరవాలేదు. చదవడం, రాయడం రావాలి. ఫెలనీ (పెద్ద నేరం) గానీ, చిన్నదైనా సరే దొంగతనం గానీ రుజువై ఉండకూడదు, అలాంటి అభియోగం ఇప్పుడు నడుస్తూ ఉండకూడదు.

మినహాయింపుల్లో మీకు వర్తించేది పిల్లలది. 12 ఏళ్లలోపు బిడ్డ మీ సంరక్షణలో ఉండి, మీరు జ్యూరీకి వెళ్తే ఆ బిడ్డను చూసుకునేవారు లేకుండా పోతే మినహాయింపు కోరవచ్చు. ఇందులో రెండో సగం ముఖ్యం. బిడ్డ ఉంటే చాలదు, చూసేవారు లేకపోవాలి. మీరు చెప్పిన పరిస్థితికి సరిపోతుందనే నాకనిపిస్తోంది. సంతకం మాత్రం మీది, కాబట్టి నిర్ణయమూ మీదే.

ఆఫీసు పని సంగతి మరచిపోండి. డబ్బు నష్టం, పని నష్టం లాంటి ఆర్థిక కారణాలతో వదిలిపెట్టాలంటే కేసులోని పక్షాలన్నీ అక్కడే ఉండి ఒప్పుకోవాలని టెక్సాస్ చట్టం. న్యాయమూర్తికి మీమీద జాలి ఉన్నా, ఒంటిచేత్తో పంపించే వీలు లేదు.

వెంకట్_ప్లేనో:
మినహాయింపు కన్నా వాయిదా అడగడం సుఖం. ఎవరూ దీన్ని చెప్పరెందుకో. టెక్సాస్‌లో అంతకుముందు ఏడాదిలో వాయిదా తీసుకోకుండా ఉంటే, ఆరు నెలల్లోపు మరో తేదీకి వస్తానంటే మొదటిసారి వాయిదా ఇచ్చి తీరాలి. కారణాల గొడవే లేదు. కాలిన్ కౌంటీలో ఇంటర్నెట్‌లోనే అయిపోతుంది. నేను ఊళ్లో ఉండే వారం చూసుకుని మా ఆవిడ అలాగే తేదీ మార్చుకుంది. బడి సెలవుల్లో మాత్రం పెట్టుకోకండి, అప్పుడు పాప రోజంతా ఇంట్లోనే ఉంటుంది.

కిరణ్_ఐటీ:
సరే, చెత్తబుట్ట మాట వెనక్కి తీసుకుంటాను. కానీ "పౌరుణ్ణి కాను" అనే గడిలో టిక్కు పెట్టి పంపేస్తే ఎవరు పోల్చి చూస్తారు? మన పేర్లు చూసి నమ్మేస్తారు కూడా. ఒక్క టిక్కుతో జీవితాంతం పీడ విరగడ.

శైలజ_మెకిన్నీ:
అయ్యా, మాకు తెలిసిన ఒకాయన సరిగ్గా ఆ తెలివే చూపించారు. కొన్నాళ్లకు ఓటర్ల నమోదు కార్యాలయం నుంచి "మీరు పౌరులు కారని కోర్టుకు చెప్పారు, మరి ఓటరు జాబితాలో ఎలా ఉన్నారు, రుజువు చూపించండి" అని ఉత్తరం వచ్చింది. పౌరసత్వ పత్రం నకళ్లు పట్టుకుని ఆఫీసు చుట్టూ తిరిగారు. ఆ తిరిగిన సమయంలో జ్యూరీకి వెళ్లి రావచ్చు.

దుబాసి_రమాదేవి:
శైలజ గారు చెప్పింది ఎవరికో ఒకరికి జరిగిన వింత కాదు. పౌరులు కారన్న కారణంతో వదిలేసినవారి జాబితాను కోర్టు గుమాస్తా ప్రతి నెలా ఓటర్ల నమోదు అధికారికి, రాష్ట్ర కార్యదర్శికి, ప్రాసిక్యూటరుకు పంపాలని టెక్సాస్ చట్టంలోనే ఉంది. మీరు ఓటు వేసి ఉంటే మరీ చిక్కు. పౌరులు కాకుండా ఓటు వేశారా అన్న ప్రశ్న పుడుతుంది. పౌరులు కానివారు అవునన్నా, అయినవారు కాదన్నా కొరివితో తల గోక్కోవడమే.

భార్గవి_డాలస్:
అందరూ చట్టం చెబుతున్నారు, కడుపు మాట ఎవరూ చెప్పడం లేదు. నేను కాంట్రాక్టు ఉద్యోగిని, గంటకు ఇంత అని జీతం. కోర్టులో కూర్చున్న రోజు నాకు సున్నా. పౌరసత్వం వచ్చాక కూడా మనలో చాలామంది ఇలా కాంట్రాక్టుల్లోనే ఉన్నారు. పోయినసారి ఒక కేసులో ఎంపికై వారమంతా వెళ్లాను. మా కంపెనీవాళ్లు "దేశసేవ" అని మెచ్చుకున్నారు, పైసా ఇవ్వలేదు.

వెంకట్_ప్లేనో:
భత్యం కొంచెం పెరిగింది భార్గవి గారూ. 2023 సెప్టెంబరు నుంచి టెక్సాస్‌లో మొదటి రోజుకు 20 డాలర్లు, ఆ తర్వాత రోజుకు 58. అంతకుముందు మొదటి రోజుకు 6 డాలర్లు ఇచ్చేవారు. పార్కింగుకు, కాఫీకి సరిపోయేది కాదు.

భార్గవి_డాలస్:
58 డాలర్లు నాకు ఒక గంట జీతం కన్నా తక్కువ. పెరిగిందని సంతోషించమంటారా?

దుబాసి_రమాదేవి:
ఆమె కోపంలో న్యాయం ఉంది. జ్యూరీకి వెళ్లిన రోజులకు ప్రైవేటు కంపెనీ జీతం ఇవ్వాలని సమాఖ్య చట్టం అనదు. టెక్సాస్ చట్టమూ అనదు. చట్టం కాపాడేది ఉద్యోగాన్ని. జ్యూరీకి వెళ్లారన్న కారణంతో శాశ్వత ఉద్యోగిని తీసేయడానికి వీల్లేదు. సమాఖ్య కోర్టు జ్యూరీ అయితే బెదిరించినా చట్టవిరుద్ధమే, ఒక్కో ఉల్లంఘనకు 5,000 డాలర్ల వరకు జరిమానా ఉంది.

నెల జీతం మీద ఉన్నవారికి ఇంకో రక్షణ ఉంది. ఓవర్‌టైము వర్తించని జీతగాళ్లు ఆ వారంలో కొంచెమైనా పని చేసి ఉంటే, జ్యూరీకి వెళ్లిన రోజుల జీతం కోయకూడదు. కోర్టు ఇచ్చిన భత్యాన్ని మాత్రం జీతంలో సర్దుకోవచ్చు. కాబట్టి పద్మజ గారూ, మీ మేనేజరుగారి "ఏదో ఒక కారణం" మాటకు మీరు కంగారు పడనక్కరలేదు. సమన్ల నకలు హెచ్ఆర్‌కు పంపండి. మాట వాళ్లే మారుస్తారు.

గంటల లెక్క మీద బతికేవారు మాత్రం ఎంపిక సమయంలో న్యాయమూర్తి "ఎవరికైనా ఇబ్బంది ఉందా" అని అడిగినప్పుడు చేయి ఎత్తి, అంకెలతో చెప్పాలి. ఇంటి అద్దె ఇంత, వారం జీతం పోతే ఇంత లోటు, అని. లాయర్లిద్దరూ ఒప్పుకుంటే వదిలేస్తారు. మనసు కేసు మీద లేని జ్యూరరును ఉంచుకోవడం వాళ్లకూ ఇష్టం ఉండదు కాబట్టి చాలాసార్లు ఒప్పుకుంటారు.

రవి_సన్నీవేల్:
కాలిఫోర్నియాలో భత్యం ఇంకా ఘోరం. మొదటి రోజుకు ఏమీ లేదు, రెండో రోజు నుంచి 15 డాలర్లు. ఒక సుఖం ఉంది. ఇక్కడ "ఒక రోజు లేదా ఒక కేసు" పద్ధతి. ఆ రోజు సాయంత్రానికి ఏ కేసుకూ ఎంపిక కాకపోతే మీ బాధ్యత తీరినట్టే, కనీసం ఏడాది వరకు పిలవరు. మా కౌంటీలో ముందురోజు సాయంత్రం వెబ్‌సైటులో మన గుంపు సంఖ్య చూసుకోవాలి. పిలవకపోతే ఇంట్లోనే ఉండవచ్చు. పాలిచ్చే తల్లులు ఏడాది వరకు వాయిదా అడగవచ్చు. కోర్టుకు వెళ్లడానికి ఒకవైపే గంటన్నర దాటే దూరంలో ఉన్నవారికీ మినహాయింపు ఉంది, ఈ ట్రాఫిక్‌లో నా ఇల్లు ఆ లెక్కలోకి వస్తుందని వాదించాలని ఉంది.

సుజాత_అల్ఫారెట్టా:
జార్జియాలో పిల్లల వయసు లెక్క వేరు. ఆరేళ్లు లేదా అంతకన్నా చిన్న బిడ్డను మీరే చూసుకుంటూ, వేరే ఏర్పాటు కుదరకపోతే అఫిడవిట్ ఇవ్వాలి. పద్మజ గారి పాప ఇక్కడుంటే వర్తించేది కాదు. ఇంట్లోనే బడి చెప్పే తల్లిదండ్రులకు, పూర్తికాలం చదివే విద్యార్థులకు కూడా ఉంది. ఈ చర్చ చదివేవారు వేరే రాష్ట్రం నియమాన్ని పట్టుకుని తమ ఫారం నింపకండి, అందుకే చెబుతున్నాను.

డాక్టర్_అనురాధ:
నేను వైద్యురాలిని. "డాక్టర్లకు జ్యూరీ ఉండదు కదా" అని ప్రతివాళ్లూ అంటారు. టెక్సాస్‌లో అలాంటిదేమీ లేదు. లాయర్లకూ లేదు. రోగుల అపాయింట్‌మెంట్లు మార్చుకోలేక నేను కూడా వాయిదానే వాడుకుంటాను. మరో మాట, అనారోగ్యం కారణంగా మినహాయింపు కావాలని ఉత్తరం కోసం నా దగ్గరకు వచ్చేవారు ఎక్కువే. నిజంగా గంటసేపు కూర్చోలేనివారికి, డయాలిసిస్‌లో ఉన్నవారికి సంతోషంగా రాసిస్తాను. "మేడం, వెన్నునొప్పి అని ఏదో ఒకటి రాయండి" అని నవ్వుతూ వచ్చేవారిని అలాగే నవ్వుతూ పంపిస్తాను.

మూర్తి_మాస్టారు:
నేను పదవీ విరమణ చేసినవాణ్ణి. టెక్సాస్‌లో 75 దాటితే వద్దనుకోవచ్చు. నాకింకా అంత వయసు రాలేదు, వచ్చినా నేను అడగను.

నేను కూర్చున్నది తాగి కారు నడిపిన కేసు. కౌంటీ కోర్టులో చిన్న నేరాలకు ఆరుగురే జ్యూరర్లు, పెద్ద నేరాలు విచారించే జిల్లా కోర్టులో పన్నెండు మంది. పొద్దున హాలు నిండా జనం. బెల్టులు, తాళాలు ట్రేలో పెట్టి లోపలికి వెళ్లాక అంకె వేసిన అట్టముక్క ఒకటి చేతికిచ్చారు. ఇక ఆ రోజంతా మన పేరు అదే. ప్రశ్న అడిగినప్పుడు అట్ట ఎత్తి చూపాలి.

నేను పుట్టి బుద్ధెరిగి మద్యం ముట్టలేదు. కాబట్టి నన్ను డిఫెన్సు లాయరు తప్పకుండా తీసేస్తాడని ధీమాగా ఉన్నాను. ఆయన నన్నే లేపి అడిగాడు: "ఈ రాష్ట్రంలో ఒక గ్లాసు తాగి కారెక్కడం దానంతట అదే నేరం కాదు. మత్తు వల్ల శరీరం, బుద్ధి మామూలుగా పనిచేయని స్థితిలో నడిపితేనో, రక్తంలో మద్యం 0.08 శాతానికి చేరితేనో నేరం. మీకు తాగుడంటే గిట్టకపోవచ్చు. ఈ చట్టాన్ని మాత్రం పాటించగలరా?" పాటించగలనన్నాను. నిజమే చెప్పాను మరి. కూర్చోబెట్టారు.

ప్రాసిక్యూటరు అడిగినది ఇంకా బాగా గుర్తుంది. "ఒక్కడే సాక్షి ఉన్నాడు, అతని మాట మీకు సందేహం లేకుండా నమ్మకం కలిగించింది, అప్పుడు దోషి అనగలరా, లేక రెండో సాక్షి కావాలా?" వెనక వరసలో నలుగురు రెండో సాక్షి కావాలన్నారు. వాళ్లను పంపించేశారు.

లోపల గదిలో మేం ఆరుగురం. ఒక లారీ డ్రైవరు పోలీసు కారు వీడియో మళ్లీ చూడాలని పట్టుబట్టాడు. గీత మీద నడిచి వెనక్కి తిరిగేటప్పుడు ముద్దాయి తూలాడా, లేక రోడ్డు వాలుగా ఉందా అని. మిగతా అయిదుగురికీ అప్పటికే ఇళ్లకు వెళ్లాలని ఉంది. చూశాం. రోడ్డు నిజంగానే వాలుగా ఉంది. ఆ తర్వాత చర్చ మళ్లీ మొదటికొచ్చింది. తీర్పు ఏకగ్రీవం కావాలి కాబట్టి ఆ ఒక్కడి మాట వినక తప్పలేదు, వినడం మంచిదే అయింది.

కిరణ్_ఐటీ:
మాస్టారూ, చదవడానికి బాగుంది. కానీ నాలాంటి వాళ్లు ఆ ప్రశ్నల దగ్గర తప్పించుకోవచ్చు కదా? "పోలీసులందరూ అబద్ధాలకోరులు" అనో "అరెస్టయ్యాడంటే తప్పు చేసే ఉంటాడు" అనో అంటే చాలట. లేదా ఇంగ్లీషు అర్థం కాదంటే సరి.

దుబాసి_రమాదేవి:
ఆ ప్రశ్నలకు జవాబులు ప్రమాణం మీద ఇస్తారు. మీకు నిజంగా ఆ అభిప్రాయం ఉంటే తప్పకుండా చెప్పండి, ఆ ప్రశ్నలు పెట్టిందే అందుకు. పక్షపాతం ఉందని తేలినవారిని తీసేయడానికి లెక్క లేదు. అది కాక ఇరుపక్షాలకూ కారణం చెప్పకుండా కొందరిని తీసేసే హక్కు ఉంటుంది, దానికి లెక్క ఉంది. అక్కడ కూడా జాతిని బట్టి తీసేయకూడదని 1986లో బ్యాట్సన్ కేసులోను, ఆడా మగా అన్నదాన్ని బట్టి తీసేయకూడదని 1994లోను సుప్రీంకోర్టు చెప్పింది. మన రంగు చూసి పంపిస్తారులే అనుకునేవారు కూడా ఉన్నారు, వారి కోసం చెబుతున్నాను.

లేని అభిప్రాయాన్ని నటించేవారిని న్యాయమూర్తులు ఇట్టే పట్టేస్తారు. ఇంగ్లీషు సంగతి అంటారా, నా కళ్ల ముందు జరిగింది చెబుతాను. మనవాడే, నలభై ఏళ్లుంటాయి, "నో ఇంగ్లీష్" అన్నాడు. న్యాయమూర్తి ఫారం తిరగేసి, ఉద్యోగం ప్రాజెక్టు మేనేజరు అని ఉందే, మీ మీటింగులు ఏ భాషలో జరుగుతాయి అని అడిగారు. హాలంతా నవ్వింది. తెలుగులో జరుగుతాయని అతను అనలేకపోయాడు. నన్ను పిలుస్తారేమోనని నేను తల దించుకున్నాను.

శ్రీనివాస్_ఎడిసన్:
నిజంగా ఇంగ్లీషు రానివారి సంగతి ఏమిటి? మా అమ్మకు 68 ఏళ్లు. పౌరసత్వ పరీక్ష తెలుగు దుబాసితోనే రాసింది. ఇప్పుడు న్యూజెర్సీలో మిడిల్‌సెక్స్ కౌంటీ నుంచి జ్యూరీ ఉత్తరం వచ్చింది. అప్పటి నుంచి నిద్ర లేదు ఆవిడకు.

దుబాసి_రమాదేవి:
అమ్మగారికి ధైర్యం చెప్పండి. 50 ఏళ్లు దాటి 20 ఏళ్లుగా గ్రీన్ కార్డు ఉన్నవారు, 55 దాటి 15 ఏళ్లుగా ఉన్నవారు పౌరసత్వ పరీక్షను సొంత భాషలో ఇవ్వవచ్చు. చట్టమే ఇచ్చిన సదుపాయం అది. పౌరులయ్యాక జ్యూరీ జాబితాలోకి పేరు రావడమూ సహజమే. న్యూజెర్సీలో జ్యూరరుకు ఇంగ్లీషు చదివి అర్థం చేసుకోగలగడం అర్హతల్లో ఒకటి. ఆ ప్రశ్న దగ్గర నిజం రాయండి. ఆవిడ బదులు మీరు నింపితే, నింపింది మీరని కూడా రాయండి. టెక్సాస్‌లో అయితే ఇంగ్లీషు రానివారికి న్యాయమూర్తి శాశ్వతంగా మినహాయింపు ఇవ్వవచ్చు, ఏటేటా ఉత్తరాల బెడద ఉండదు.

న్యూ మెక్సికో ఒక్కటే చిత్రమైన రాష్ట్రం. ఇంగ్లీషు రాదన్న కారణంతో జ్యూరీ హక్కును తగ్గించకూడదని వాళ్ల రాజ్యాంగంలోనే ఉంది. జ్యూరరుకే దుబాసిని పెడతారు. మాకు అక్కడ పని ఎక్కువ.

శ్రీనివాస్_ఎడిసన్:
చాలా థాంక్స్ అండీ. అమ్మకు చదివి వినిపించాను. "మరి ఓటు తీసేయరు కదా" అని అడుగుతోంది.

దుబాసి_రమాదేవి:
తీసేయరు. ఇంగ్లీషు రాకపోవడానికి, ఓటుకు సంబంధం లేదు.

గీత_అలెన్:
మా అబ్బాయి ఆస్టిన్‌లో డిగ్రీ రెండో ఏడాది. సమన్లు ఇంటికి వచ్చాయి. వాడు సెమిస్టరు మధ్యలో రాగలడా?

వెంకట్_ప్లేనో:
కాలేజీలో చేరి క్లాసులకు వెళ్తున్న విద్యార్థికి టెక్సాస్‌లో మినహాయింపు ఉంది. గడిలో టిక్కు పెట్టి అతనే సంతకం చేయాలి, మీరు కాదు. వేసవిలో ఇంట్లోనే ఉంటాడు కదా, అప్పటికి వాయిదా వేసుకుని వెళ్లమనండి. రాజ్యాంగ పాఠం కళ్లారా చూస్తాడు.

ప్రసాద్_షెర్మన్:
ఇదంతా కౌంటీ కోర్టుల గురించి. సమాఖ్య కోర్టు నుంచి వస్తే లెక్క వేరు. ముందు ప్రశ్నావళి వస్తుంది, 10 రోజుల్లో నింపి పంపాలి. పౌరసత్వం, 18 ఏళ్లు కాక, ఆ న్యాయ జిల్లాలో ఏడాదిగా నివాసం ఉండాలి. సైన్యంలో ఉన్నవారిని, వృత్తిగా చేసే పోలీసులు, అగ్నిమాపక సిబ్బందిని, పూర్తికాలం ప్రభుత్వ పదవుల్లో ఉన్నవారిని వాళ్లు వస్తామన్నా తీసుకోరు. 70 దాటినవారిని చాలా జిల్లాల్లో అడిగితే వదిలేస్తారు. భత్యం రోజుకు 50 డాలర్లు. రాకపోతే 1,000 డాలర్ల వరకు జరిమానా, మూడు రోజుల వరకు జైలు.

నన్ను గ్రాండ్ జ్యూరీకి తీసుకున్నారు. దోషా కాదా అని తేల్చడం మా పని కాదు, అభియోగం మోపడానికి తగిన ఆధారం ఉందా లేదా అని చూడటమే. 16 నుంచి 23 మంది ఉంటారు. రోజూ వెళ్లనక్కరలేదు కానీ గడువు 18 నెలల దాకా సాగవచ్చు. లోపల విన్నది బయట ఎక్కడా చెప్పకూడదు. అందుకే ఇక్కడా ఇంతకుమించి రాయను.

లావణ్య_కాటీ:
ఒక హెచ్చరిక. మొన్న మా నాన్నగారికి ఫోను వచ్చింది. "మీరు జ్యూరీకి హాజరు కాలేదు, అరెస్టు వారంటు ఉంది, ఫోను పెట్టేయకుండా దుకాణానికి వెళ్లి గిఫ్టు కార్డులు కొని అంకెలు చదవండి" అని. షెరీఫ్ కార్యాలయం నంబరే కనిపించిందట. ఆయన గ్రీన్ కార్డు మీద ఉన్నారు, అసలు జ్యూరీకే అర్హులు కారు! అయినా హడలిపోయి బూట్లు వేసుకుంటుంటే అమ్మ ఆపింది. మన దగ్గర డిజిటల్ అరెస్టు అని భయపెట్టి దోచుకుంటున్నారే, అదే బాపతు. కోర్టు ఎప్పుడూ ఫోనులో డబ్బు అడగదు, గిఫ్టు కార్డులు అసలే అడగదు. ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పి ఉంచండి.

వేదిక_నిర్వాహకుడు:
లావణ్య గారి సందేశాన్ని పైన అతికిస్తున్నాం. అందరికీ ఒక మనవి: సమన్లలో ఉన్న మీ జ్యూరరు సంఖ్యలు, చిరునామాలు ఇక్కడ పెట్టకండి. ఒకరి సందేశంలో ఫొటో ఉంటే తీసేశాం.

కిరణ్_ఐటీ:
ఏమైనా మన దేశమే నయం. ఈ గొడవే లేదు. న్యాయమూర్తి వింటాడు, తీర్పు చెబుతాడు.

మూర్తి_మాస్టారు:
ఉండేది నాయనా. బ్రిటిషువాళ్ల కాలం నుంచి సెషన్స్ కోర్టుల్లో జ్యూరీలు కూర్చునేవి. 1959లో బొంబాయిలో నౌకాదళ అధికారి నానావతి కేసులో తొమ్మిది మంది జ్యూరర్లలో ఎనిమిది మంది నిర్దోషి అన్నారు. సెషన్స్ న్యాయమూర్తి ఆ తీర్పును ఒప్పుకోక హైకోర్టుకు నివేదించారు, హైకోర్టు శిక్ష వేసింది, 1961లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. ఆ ఒక్క కేసుతోనే జ్యూరీ పోయిందని అందరూ చెప్పుకుంటారు గానీ అది సరికాదు. దాన్ని ఎత్తేయాలని లా కమిషన్ 1958లోనే సిఫారసు చేసింది. రాష్ట్రాలు ఒక్కొక్కటిగా వదిలేస్తూ వచ్చాయి. 1973 నేర విచారణ స్మృతితో పూర్తిగా ముగిసింది. పార్సీల విడాకుల కోర్టుల్లో మాత్రం సమాజ ప్రతినిధులు కూర్చునే పద్ధతి ఇంకా చట్టంలో ఉంది.

న్యాయమూర్తి ఒక్కడే నయమంటావా? ఆ గదిలో లారీ డ్రైవరు లేకపోతే ఆ రోడ్డు వాలు సంగతి ఎవరికి తట్టేది? నాకైతే తట్టలేదు.

భార్గవి_డాలస్:
తట్టినందుకు ఆ డ్రైవరుకు ఆ రోజు కూలి ఎవరిచ్చారో కూడా అడగండి మాస్టారూ.

మూర్తి_మాస్టారు:
న్యాయమైన ప్రశ్న. నా భత్యం నేను కౌంటీ పిల్లల సంక్షేమ నిధికి రాసిచ్చేశాను, ఫారంలో ఆ వీలుంది. పింఛను వచ్చేవాణ్ణి కాబట్టి చెల్లింది. అతనికి చెల్లదు.

పద్మజ_ఫ్రిస్కో:
అందరికీ ధన్యవాదాలు. మినహాయింపు గడి దగ్గర చాలాసేపు ఆగాను. మావారు రెండు నెలల తర్వాత ఒక వారం ఇంటి నుంచే పనిచేస్తారట. ఆ వారానికి వాయిదా పెట్టుకున్నాను, వెంటనే ఒప్పుకున్నట్టు ఈమెయిలు వచ్చింది. మేనేజరుకు తేదీ చెప్పాను, క్యాలెండరులో పెట్టమన్నారు, అంతే. తమ్ముడు ఫారం పంపేశాడు. ఒక్క సందేహం మిగిలింది. ఎంపికైతే రాత్రి ఇంటికొచ్చి మావారితో కేసు గురించి మాట్లాడవచ్చా? ఆయన అడగకుండా ఉండరు.

దుబాసి_రమాదేవి:
మాట్లాడకూడదు. తీర్పు చెప్పి మిమ్మల్ని పంపించేదాకా మీవారితో గానీ, తోటి జ్యూరర్లతో వరండాలో గానీ ఒక్క ముక్క మాట్లాడకూడదు. ముద్దాయి పేరు గూగుల్‌లో వెతకకూడదు, సంఘటన జరిగిన వీధిని చూద్దామని కారులో వెళ్లకూడదు. ఇలా చేసినందుకు విచారణ మొత్తం రద్దై మళ్లీ మొదటి నుంచి నడిచిన సందర్భాలున్నాయి. మామూలు విచారణ జ్యూరీ అయితే పని ముగిశాక మీ ఇష్టం, చెప్పవచ్చు, మానవచ్చు.

లోపల ఏసీ మరీ చల్లగా ఉంటుంది, స్వెటరు తీసుకెళ్లండి.